రీఫ్రైడ్ అంటే రెండుసార్లు వేయించాలా?

సందేహం: రీఫ్రైడ్ బీన్స్ ఇంట్లో చేసే పద్ధతిని ‘తిరిగి వేయించిన చిక్కుళ్లు’ అన్న పేరుతో మా వదినకు రాసి పంపాను. “మొదటిసారి ఎప్పుడు వేయించాలో రాయలేదేం?” అని ఫోన్ చేసింది. నా తెలుగులో తప్పుందా? – ఒక పాఠకురాలు, డాలస్

సమాధానం: మీ వదినగారి ప్రశ్న సబబే. ఆ వంటలో వేయించడం ఒక్కసారే. నానబెట్టిన గింజల్ని మెత్తగా ఉడికిస్తారు. మూకుడులో ఉల్లిపాయ వేయించి, అందులో గింజలు వేసి, మెదుపుతూ దగ్గరపడేదాకా వేయిస్తారు.

తిరకాసంతా పేరులో ఉంది. ఇది మెక్సికో వంట. స్పానిష్‌లో ‘ఫ్రిహోలెస్ రెఫ్రీతోస్’ అంటారు. ఆ ‘రె’ని ఇంగ్లీషువాళ్లు ‘మళ్లీ’ అనుకున్నారు. స్పానిష్‌లో ఆ అర్థమూ లేకపోలేదు గానీ, ‘బాగా’ అని నొక్కి చెప్పడానికీ దాన్ని వాడతారు. రెఫ్రీతోస్ అంటే బాగా వేయించినవి. మనకూ ఇది కొత్తేమీ కాదు. పగలు, పగలు కలిసి పట్టపగలు అయితే రెండు పగళ్లని ఎవరూ లెక్కపెట్టరు. ‘పరి’ అంటే చుట్టూ అని నేర్చుకున్నవాళ్లు కూడా పరిపక్వాన్ని ‘చుట్టూ ఉడికినది’ అనుకోరు.

‘చిక్కుళ్లు’ కూడా కుదరదు. మన చిక్కుడు వేరే మొక్క. మెక్సికోవాళ్లు వాడే పింటో, నల్ల బీన్స్, మన దుకాణాల్లో దొరికే రాజ్మా మూడూ ఒకే జాతి గింజలు. పోనీ ‘బీన్స్’ అందామంటే, మన కూరగాయల బజారులో ఆ మాటకు పచ్చికాయలనే అర్థం. (అవీ ఆ జాతివే, కానీ వంటింట్లో వృక్షశాస్త్రం ఎవరికి కావాలి!) మీ వదినగారు బీన్స్ వేపుడు చేసి కూర్చునేవారు. ‘రాజ్మా’ అనండి, గొడవ ఉండదు.

ఇక అసలు పని చెప్పే క్రియ. ‘నూరి’ అంటే రోటి పచ్చడి, ‘రుబ్బి’ అంటే పిండి గుర్తొస్తాయి. పప్పుగుత్తితో చేసే పనికి ‘మెదపడం’, ‘ఎనపడం’ అనే చక్కటి మాటలున్నాయి. ‘ఎనిపి వేయించిన రాజ్మా’ అన్నది నాకు నచ్చిన పేరు. ఎనపడం మీ ఇంట్లో వినని మాటైతే ‘మెదిపి’ అనండి.

ఇంకొకటి. అక్కడి సంప్రదాయంలో వాడేది పందికొవ్వు. మీరు నూనెతో చేస్తే ‘నూనె’ అనే రాయండి. ఇంగ్లీషులో రాసిన పద్ధతి చూసి ‘కొవ్వు’ అని దించేశారో, మీ వదినగారి దగ్గర్నుంచి ఇంకో ఫోన్ ఖాయం.