బేస్ క్లాస్ తెరిచి ఉంచే ముందు

పాలకొల్లు

చిట్టితల్లికి మావయ్య ఆశీస్సులు.

మీ టీమ్ అంతా వాడుకునే బేస్ క్లాస్, అంటే మిగతా క్లాసులు వారసత్వంగా తీసుకునే మూల క్లాస్, రాసే పని నీకిచ్చారని మీ అమ్మ చెప్పింది. సంతోషమే, కొంచెం టెన్షన్ కూడా. అలాంటి క్లాస్‌తో నేనొకసారి గట్టి దెబ్బ తిన్నాను.

చాలా ఏళ్ల కిందట ఒక రైస్ మిల్లుకు జావాలో సరుకు లెక్కల ప్రోగ్రామ్ రాశాం. బేస్ క్లాస్‌లో రెండు మెథడ్లు: ఒకటి బస్తాని చేర్చేది, ఇంకోటి లారీ లోడంతా చేర్చేది. లోడు మెథడ్ లోపల బస్తా మెథడ్‌నే పిలిచేది. నేను దాన్నుంచి వారసత్వం తీసుకునే సబ్‌క్లాస్ రాసి, బస్తా మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేసి, అంటే దాని బదులు నా సొంతది పెట్టి, తేమ 17 శాతం దాటితే వద్దనేలా పెట్టాను. మరుసటి ఏడు ఇంకొకతను వేగం కోసం లోడు మెథడ్‌ని మార్చాడు. బస్తా మెథడ్‌ని పిలవకుండానే బస్తాలు నేరుగా లిస్టులోకి వెళ్లిపోయాయి. అతని టెస్టులన్నీ పాసయ్యాయి, నా కోడ్‌లో అక్షరం మారలేదు. సార్వా కోతల్లో వాన పడింది. తడి ధాన్యం లోడుకు లోడు పొడి లెక్కలో కలిసిపోయింది. ధవళేశ్వరం దగ్గర నీళ్లు తగ్గిస్తే ముందు ఎండేది శివారు చేనే కదా. సబ్‌క్లాస్ రాసేవాడిదీ శివారు రైతు పరిస్థితే.

అతన్ని తప్పుపట్టలేదు నేను. లోపల ఏ మెథడ్ దేన్ని పిలుస్తుందో మేం ఎక్కడా రాసిపెట్టలేదు. అందుకే ఓవర్‌రైడ్ చేయనిచ్చే ప్రతి మెథడ్‌కీ ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లో రాయి. రాస్తే అది మాట ఇచ్చినట్టే, తర్వాత మార్చకూడదు. అంత మాట ఇవ్వలేకపోతే ఎవరూ ఓవర్‌రైడ్ చేయకుండా ఫైనల్ పెట్టెయ్. కోట్లిన్ భాషలో క్లాసులు మనం ఓపెన్ అని రాస్తే తప్ప తెరుచుకోవు, నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్ నుంచి ఓవర్‌రైడ్ అయ్యే మెథడ్‌ని మాత్రం ఎప్పుడూ పిలవకు. అప్పటికి సబ్‌క్లాస్ ఫీల్డుల్లో, అంటే విలువలు దాచే చోట్లలో, మామూలుగా నల్ (ఖాళీ), సున్నాలే ఉంటాయి.

నా అసలు తప్పు నాకు ఆలస్యంగా అర్థమైంది. బేస్ క్లాస్ ఏ బస్తానైనా తీసుకుంటానంటుంది, నా సబ్‌క్లాస్ కొన్నిటిని వద్దంటుంది. బేస్ క్లాస్‌ని నమ్మి రాసిన కోడ్ సబ్‌క్లాస్ వచ్చినా తేడా లేకుండా నడవాలని కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లోనే చెప్పారు. నేను రాసింది ఆ పరీక్షకి నిలబడదు. తేమ చూసే క్లాస్ విడిగా రాసి, సరుకు క్లాస్‌ని దాని లోపల ఒక ఫీల్డుగా పెట్టుకుని ఉంటే, లోడు మెథడ్‌ని ఎవరు ఎలా మార్చినా తడి బస్తా లోపలికి వచ్చేది కాదు. జావాలోనే చూడు, స్టాక్ క్లాస్, ఎక్కడైనా దూర్చనిచ్చే వెక్టర్ అనే లిస్టు క్లాస్ నుంచి వచ్చింది కాబట్టి, పైనుంచి మాత్రమే పెట్టాల్సిన దొంతరలో మధ్యలో కూడా దూర్చవచ్చు. అది ఈనాటికీ అలాగే ఉంది, ఎందుకంటే ఒకసారి వాడుకలోకి వెళ్లిన వారసత్వాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

నీ క్లాస్‌కి ముందు నువ్వే రెండు మూడు సబ్‌క్లాసులు రాసి చూడు. ఎక్కడ ఇరుక్కుంటావో అక్కడ ఆగు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, ఏ మెథడ్ తెరిచి ఉంచాలో ఒక్కొక్కటే కూర్చుని చూద్దాం.

మీ మావయ్య