నల్ల గోళ్లను ఎంతవరకు కత్తిరించాలి?

ప్రశ్న: మా కుక్క వయసు నాలుగేళ్లు. గోళ్లన్నీ నలుపే. క్రితం నెల మేము వాడుకునే నెయిల్ కట్టర్‌తోనే తీయబోతే ఒక గోరు చిట్లి రక్తం కారింది. అప్పటి నుంచి కాలు ముట్టుకుంటే చాలు, లాగేసుకుంటోంది. నడిచినప్పుడల్లా గచ్చు మీద టకటకమని చప్పుడు వస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ చప్పుడే గోళ్లు పెరిగాయనడానికి గుర్తు. నిలబడినప్పుడు గోళ్లు నేలకు తగులుతుంటే వేళ్లపై ఒత్తిడి పడి, కుక్క పాదం మోపే తీరే మారిపోతుంది కాబట్టి, భయపడి ఈ పని మానుకోవడం మంచిది కాదు. మన గోరు పలుచని రేకులా ఉంటే, కుక్క గోరు గుండ్రంగా, మందంగా ఉంటుంది. అందుకే మన కట్టర్ దాన్ని తెంపకుండా నలిపి చిట్లగొడుతుంది. కుక్కల కోసమే చేసిన, పదునైన క్లిప్పర్ వాడండి.

గోరు లోపల రక్తనాళాలు, నరాలు ఉండే మెత్తని భాగం ఒకటి ఉంటుంది. తెల్ల గోటిలో అది గులాబీ రంగులో బయటికే కనిపిస్తుంది. నల్ల గోటిలో కనిపించదు గనుక, గోరు పొడవును కాక తెగిన ముఖాన్ని చూడాలి. ఒక మిల్లీమీటరు మించకుండా పొరలు పొరలుగా తీస్తూ పోతే మొదట పొడిపొడిగా, తెల్లగా కనిపించిన ముఖం మధ్యలో కాసేపటికి తడి మెరుపుతో చిన్న చుక్క తేలుతుంది, అక్కడ ఆపేయాలి. గోరు బాగా పెరిగిపోతే లోపలి భాగమూ దానితో పాటే సాగుతుంది కాబట్టి ఒకేసారి పొట్టిగా చేయడం కుదరదు. వారానికోసారి కొన మాత్రం తీస్తుంటే అది క్రమంగా వెనక్కి తగ్గుతుంది. పాదం లోపలి వైపు కాస్త పైన ఉండి, నేలకు తగలని పక్కగోటిని చాలామంది మరిచిపోతారు. అరగదు గనుక అది వంపు తిరిగి చర్మంలోకే దిగగలదు.

ఇక భయం సంగతి. కొన్నాళ్లు క్లిప్పర్‌ను బయటికి తీయకుండా, పాదం పట్టుకుని, ఇష్టమైన తినుబండారం పెట్టి వదిలేయండి. ఆ తరువాత రోజుకొక్క గోరు చాలు. మామూలుగా ఉండేవి పద్దెనిమిదే కదా, తొందరేముంది!

మళ్లీ రక్తం వస్తే స్టిప్టిక్ పౌడర్ (రక్తాన్ని ఆపే పొడి) గాని, అది లేకపోతే కార్న్‌ఫ్లోర్ గాని అద్ది కొద్ది నిమిషాలు నొక్కి పట్టండి. పది నిమిషాలైనా ఆగకపోతే పశువైద్యుని వద్దకు తీసుకెళ్లాలి. క్రితం నెల చిట్లిన గోటి దగ్గర వాపు ఉన్నా, కుక్క అదే పనిగా నాకుతున్నా, ఇవన్నీ మొదలుపెట్టే ముందే ఆ కాలిని వైద్యునికి చూపించండి.