ఏడాది చివరి రాక్ జాబితా రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. 2025లో నీకు నచ్చిన రాక్ సంగీతం గురించి, కచేరీల గురించి నువ్వు రాసిన వ్యాసమూ, దానికి తోడుగా పంపిన ఉత్తరమూ రెండూ అందాయి. రెండేసిసార్లు చదివాను. ఉన్నమాట చెబుతాను, నొచ్చుకోకు: వ్యాసం కంటే ఉత్తరమే బాగుంది. వ్యాసంలో పది ఆల్బమ్‌లు, అయిదు కచేరీలు బడిపిల్లల్లా వరుస సంఖ్యలు వేసుకుని బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఉత్తరంలో నువ్వున్నావు. ముంబయి కచేరీలో ఎక్కడో వెనకాల నిలబడి ఉంటే తెర మీద డ్రమ్మరు చేతికర్ర దిగడం ముందు కనిపించి, దెబ్బ ఆ తరువాత వినిపించిందనీ, మొదట నీ చెవులనే అనుమానించావనీ అందులో రాశావు. సికింద్రాబాదులో ఒక చిన్న పబ్బులో ముగ్గురు కుర్రాళ్లు వాయిస్తుండగా గిటారు తీగ తెగిందనీ, ఆ కుర్రవాడు కొత్త తీగ బిగించుకునేంతసేపూ తక్కిన ఇద్దరూ వాయించడం ఆపలేదనీ రాశావు. ఇవేవీ వ్యాసంలోకి ఎందుకు రాలేదు? సొంత సంగతులు పాఠకులకు దేనికిలే అనుకుని ఉంటావు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క చోటే ఉంది. 'నాకు నచ్చినవి' అని శీర్షిక పెట్టావు కదా, అప్పుడు పాఠకుడు వెతికేది నీ చెవినే. దాన్ని ఉత్తరంలో దాచి, నలుగురూ అన్నమాటలను వ్యాసంలో పేర్చావు.

ఈ పొరపాటు నేనూ చేశాను కనుకనే ఇంత తేలిగ్గా పట్టుకోగలిగాను. 2007 మార్చి 17న బ్రిటన్ మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ మన దేశంలో మొట్టమొదటిసారిగా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు నేను కాచిగూడలో రాత్రి బండెక్కి వెళ్లాను. తిరిగి వచ్చి ఒక వారపత్రికకు ఆరు కాగితాలు రాసిచ్చాను. భూమి కంపించడం, ఆకాశం బద్దలు కావడం, నరాల్లో నెత్తురు ఉడకడం కాగితానికి నాలుగు చొప్పున ఉన్నాయి అందులో. అక్కడి సబ్‌ఎడిటరు ఘంటసాల పాటలు తప్ప మరేమీ వినని పెద్దమనిషి. ఓపికగా అంతా చదివి, కాగితాలు బల్ల మీద పెట్టి, "ఒక్క బ్యాండుకి మూడు గిటార్లు దేనికండీ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ముగ్గురు గిటారిస్టులున్నారని నాకు తెలుసు, వాళ్ల పేర్లు తెలుసు, ఏ ఏడు ఎవరు చేరారో, ఎవరు వెళ్లి మళ్లీ వచ్చారో తెలుసు. మూడో గిటారు ఏం చేస్తుందో మాత్రం ఎప్పుడూ పట్టించుకుని వినలేదు.

ఇంటికి వెళ్లి ఒకే పాటను ఆ రాత్రి పన్నెండుసార్లు విన్నాను. ఇద్దరు ఒకే వరుసను జంటగా నడుపుతుంటే, మూడో మనిషి కింద నుంచి లయను పట్టి ఉంచుతున్నాడు. మన సన్నాయి మేళంలో ఇద్దరు విద్వాంసులు కూర్చుంటే ఇద్దరూ ఒకే స్వరం పలుకుతారు. ఇక్కడ ఒకరు షడ్జమం మీద ఉంటే రెండోవారు గాంధారం మీద ఉండి, ఆ ఎడం చెడకుండా ఇద్దరూ కలిసి ఎక్కుతారు, కలిసి దిగుతారు. ఈ రెండు వాక్యాలూ చేర్చి, భూకంపాలన్నీ కొట్టివేసి, మర్నాడు రెండున్నర కాగితాలు తీసుకెళ్లి ఇచ్చాను. ఆ పెద్దమనిషి చదివి, "ఇప్పుడు ఒకసారి వినాలనిపిస్తోంది" అన్నాడు. విన్నాడో లేదో నేను అడగలేదు.

ఇక నీ వ్యాసానికి వస్తాను. మే 17న ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సులో జరిగిన అమెరికన్ బ్యాండు గన్స్ ఎన్ రోజెస్ కచేరీకి నువ్వు మొదటి స్థానం ఇచ్చావు, "స్లాష్ సోలో ఆకాశాన్ని చీల్చింది" అన్నావు. ఆకాశాన్ని వదిలిపెట్టు. ఆ బ్యాండు అంతకుముందు 2012 డిసెంబరులో మన దేశానికి వచ్చింది, కానీ అప్పుడు అందులో గిటారిస్టు స్లాష్ లేడు, బేస్ వాయించే డఫ్ మెకేగన్ కూడా లేడు. వాళ్లిద్దరూ తిరిగి చేరింది 2016లో. అందుచేత ఆ బ్యాండు పేరు మీద గాయకుడు ఆక్సెల్ రోజ్, వాళ్లిద్దరూ కలిసి ముగ్గురూ ఒకే వేదిక మీద నిలబడటం మన శ్రోతలు చూసింది ఈ ఏడాదే. జనం ఎందుకంత ఊగిపోయారో ఈ ఒక్క సంగతి చెబితే అర్థమవుతుంది. చెప్పకపోతే ఎంత ఊగిపోయారని రాసినా నమ్మబుద్ధి కాదు. డ్రమ్ముల దగ్గర ఈ ఏడాదే చేరిన ఐజాక్ కార్పెంటర్ ఉన్నాడు. కొత్త మనిషి చేతిలో పాత పాటల నడక ఏమైనా మారిందా? ఏళ్ల తరబడి రికార్డింగులు విన్న నీకు అది తెలిసి ఉండాలి. తెలియలేదంటావా, ఆ మాటే రాయి, తప్పు లేదు.

అక్కడే నీ ఆలస్యపు దెబ్బ రావాలి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది కాబట్టి, వేదికకు 120 మీటర్ల దూరాన నిలబడినవారికి కన్ను చూసినదాన్ని చెవి అందుకోవడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. మధ్యలో స్పీకర్ల స్తంభాలు నిలబెడతారు కదా అంటావేమో. వాటిని కూడా వేదిక నుంచి వచ్చే శబ్దంతో కలిసేలా కావాలనే ఆలస్యం చేసి మోగిస్తారు, లేకపోతే ఒకే దెబ్బ రెండుసార్లు వినిపిస్తుంది. అంటే నీ చెవులు బాగానే ఉన్నాయి, నీ టికెట్టు చవకది, అంతే. ముందు వరుసలో నిలబడినవాడు ఎప్పటికీ రాయలేని వాక్యం అది. ఎంత పెట్టి కొన్నావో, ఎక్కడ నిలబడ్డావో, అక్కడి నుంచి ఏం వినిపించిందో వరుసగా చెప్పుకుంటూ పో.

డబ్బు సంగతి ఎత్తాను కనుక, ఇంగ్లండ్ బ్యాండు ఒయాసిస్ గురించి నీ పేరాలో ఒక లోటు కూడా చెబుతాను. 2009 ఆగస్టులో పారిస్‌లో తగవుపడి విడిపోయిన ఆ బ్యాండు అన్నదమ్ములు 2025 జూలై 4న కార్డిఫ్‌లో కలిసి పాడారని రాశావు, బాగుంది. అంతకు పది నెలల ముందు టికెట్ల అమ్మకం రోజున గిరాకీని బట్టి ధర మారే పద్ధతి వల్ల సుమారు 150 పౌండ్ల టికెట్ ఆన్‌లైన్ వరుసలో వేచి ఉండగానే 355 పౌండ్లకు చేరిన వైనం కూడా ఆ పక్కనే ఉండాలి. అభిమానులు ఏం ఖర్చుపెట్టి అక్కడ నిలబడ్డారో తెలిస్తేనే ఆ కన్నీళ్ల బరువు తెలుస్తుంది. కోల్డ్‌ప్లే అహ్మదాబాదు కచేరీల ప్రస్తావన తీసేసినా నష్టం లేదు. నువ్వు వెళ్లలేదు, పైగా అది రాక్ అవునా కాదా అన్న తగవులో సగం పేజీ పోగొట్టుకున్నావు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది బ్లాక్ సబ్బాత్ బ్యాండు గాయకుడు ఆజీ ఆస్బోర్న్ మీద నువ్వు రాసిన భాగం. జూలై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్ మైదానంలో జరిగిన వీడ్కోలు కచేరీని 'నేను చూసిన కచేరీలు' అన్న శీర్షిక కింద పెట్టావు. నువ్వు చూసింది నీ గదిలో, లాప్‌టాప్ మీద. అలా చూడటంలో చిన్నతనం ఏమీ లేదు, నేనూ అలాగే చూశాను. అయితే ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పాలి. మైదానంలో ఉన్నవాడికి బేస్ గిటారు ముందు గుండెకు తగులుతుంది, ఆ తరువాతే చెవికి. మనకు హెడ్‌ఫోన్‌లో ఆ తాకిడి ఉండదు. దానికి బదులుగా మనకు ముఖాలు దగ్గరగా కనిపిస్తాయి. నల్లటి సింహాసనంలో కూర్చుని పాడుతున్న 76 ఏళ్ల మనిషి లేవబోయి లేవలేకపోవడం ఆఖరి వరుసవాడికంటే మనకే బాగా కనిపించింది. ఎక్కడి నుంచి చూశావో ఒప్పుకుంటే ఆ చోటు ఇచ్చిన లాభం కూడా నీకు దక్కుతుంది.

రెండో సంగతి మరీ ముఖ్యం. ఆ కచేరీ తరువాత 17 రోజులకు, జూలై 22న, ఆయన కన్నుమూశాడు. నువ్వు రాస్తున్నది డిసెంబరులో. అందువల్ల నీకు తెలియకుండానే జూలై 22ను తీసుకెళ్లి జూలై 5 మీద పరిచావు. ప్రతి పాటలోనూ మృత్యువు నీడ కనిపించిందని రాశావు. నిజంగా ఆ రాత్రి నీకు అలా అనిపించిందా? ఆ రాత్రి నువ్వు నాకు పంపిన రెండు ముక్కల సందేశం నా ఫోనులో ఇంకా ఉంది. "బిల్ వార్డ్ వచ్చాడు! నలుగురూ ఉన్నారు!" అని రాశావు. అదీ నీ జూలై 5. డ్రమ్మరు వార్డ్‌తో సహా బ్లాక్ సబ్బాత్ అసలు సభ్యులు నలుగురూ కలిసి వేదిక ఎక్కి అప్పటికి ఇరవై ఏళ్లయింది, నువ్వు ఎగిరి గంతేశావు. ఆ గంతును అలాగే ఉంచి, మరణవార్త విన్న రోజును వేరే పేరాలో, దాని తేదీతో రాయి. దుఃఖాన్ని ముందుకు జరిపి రాస్తే సంతోషమూ అబద్ధమవుతుంది, దుఃఖమూ పలుచబడుతుంది.

అదే భాగంలో "టోనీ అయోమీ బరువైన గిటారు" అని మూడుసార్లు వాడావు. బరువు అంటే ఏమిటో ఒక్కసారి విప్పి చెబితే మిగతా రెండూ అక్కరలేదు. ఆ బ్యాండు గిటారిస్టు అయోమీ పదిహేడో ఏట రేకుల కార్ఖానాలో, పనికి అదే చివరి రోజు, యంత్రం కింద చేయి పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఆయనది ఎడమచేతి వాటం కాబట్టి తీగలను నొక్కవలసినవి ఆ వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు, 1971 నాటి ఆల్బమ్‌కు వచ్చేసరికి గిటారు శ్రుతిని మూడు అర్ధస్వరాలు కిందికి దించాడు. తీగ సడలితే వేలికి నొప్పి తగ్గుతుంది, శబ్దం నేలకు దిగుతుంది. ఇప్పుడు నీ పాఠకురాలు, గిటారు ఎన్నడూ ముట్టుకోని మీ అమ్మగారు అనుకుందాం, తంబురా శ్రుతి తగ్గిస్తే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కాబట్టి 'బరువు' అన్న మాటను వెంటనే అందుకుంటారు. రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటారు వరుస), డిస్టార్షన్ (గిటారు మోతను గరగరలాడించడం), పామ్ మ్యూట్ వంటి మాటలను తెనిగించాలని తాపత్రయపడకు, అవి మన కుర్రకారు నోట ఎప్పుడో నలిగాయి. మొదటిసారి వచ్చినప్పుడు చేయి ఏం చేస్తుందో చెప్పు, చాలు: పామ్ మ్యూట్ వచ్చినచోట, అరచేతి అంచును తీగల మొదట ఆనించి మీటితే మోత చచ్చి, నీళ్లు నిండిన బిందె మీద గుద్దినట్టు దబదబమని వస్తుంది అంటే అందరికీ వినిపిస్తుంది.

ఆల్బమ్‌ల గురించి ఎక్కువ చెప్పను. పది వద్దు. డెఫ్టోన్స్ బ్యాండుది ఏడోది, టర్న్‌స్టైల్ బ్యాండుది ఎనిమిదోది ఎందుకయ్యాయో నీకే తెలియదు, తారుమారు చేసినా నీ వ్యాసంలో ఒక్క మాటా మార్చనక్కరలేదు. నువ్వు నిజంగా అరిగేలా విన్నవి రెండే అని ఉత్తరంలో ఒప్పుకున్నావు. మార్చిలో వచ్చిన బ్రిటన్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ ఆల్బమ్ 'ది ఓవర్‌వ్యూ' రెండే సుదీర్ఘ రచనలుగా, 42 నిమిషాలు ఉంటుంది. నాగోలులో మెట్రో ఎక్కితే రాయదుర్గంలో దిగేలోపు ఒక వినికిడి పూర్తయి ఇంకా కాస్త సమయం మిగులుతుంది. నెలరోజులు అలా విన్నావు కదా, అంతరిక్షం నుంచి భూమిని చూసే సంగీతాన్ని అమీర్‌పేట రద్దీలో ఒంటికాలి మీద నిలబడి వినడం ఎలా ఉందో రాయి. రెండోది ఢిల్లీ మెటల్ బ్యాండు బ్లడీవుడ్ ఆల్బమ్ 'ను ఢిల్లీ'. "భారతీయ మెటల్‌ను ప్రపంచపటం మీద నిలిపింది" అన్న మాట కొట్టివేసి, ఢోలు దెబ్బ ఎక్కడ ఆగుతుందో, డ్రమ్ము దెబ్బ ఎక్కడ మొదలవుతుందో విడదీసి విను. మన ఊళ్లలో డప్పు విన్న చెవికి అది కష్టం కాదు. సిర్ర మోతకూ సిటికెన పుల్ల చిటపటకూ తేడా పట్టగలిగినవాళ్లం. ఆ చెవితో రాయగలిగే వాక్యం లండన్ సమీక్షకుడికి దొరకదు.

చివరగా ఆ సికింద్రాబాదు బ్యాండు. నీ అయిదు కచేరీలలో అది లేదు. నలభైమంది కూడా లేని పబ్బు కచేరీని విల్లా పార్క్ పక్కన పెడితే నవ్వుతారని భయపడ్డావు. నాకు మాత్రం ఈ ఏడాది నువ్వు చూసినవాటిలో అదే మొదటిదనిపిస్తోంది, ఎందుకంటే నీ ఉత్తరంలో ఎక్కువ స్థలం దానికే ఇచ్చావు. తీగ తెగాక ఆ కుర్రవాడు గబగబా కిందికి వంగాడు, బేస్ వాయించే అబ్బాయి అదే నాలుగు స్వరాల మీద తిరుగుతూ ఉండిపోయాడు, డ్రమ్మరు చప్పుడు తగ్గించి అంచు మీద మాత్రమే కొడుతూ ఉన్నాడు, జనం మాటలు ఆపేశారు అన్నావు. ఎంతసేపు? మూడు నిమిషాలా, అయిదా? ఒక తీగ తెగితే మిగిలిన అయిదింటితో నెట్టుకురావచ్చు కదా, పూర్తిగా ఎందుకు ఆగవలసి వచ్చింది? స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి (తీగల కింది చివరలను పట్టి ఉంచే భాగం) ఉన్న గిటారు అయితే ఒక తీగ తెగగానే బిగువు తప్పి మిగతా అయిదింటి శ్రుతీ చెదిరిపోతుంది. కొత్త తీగ వేశాక ఆరింటినీ మళ్లీ సరిచేసుకోవాలి. అదేనా జరిగింది? ఆ అబ్బాయి నంబరు నీ దగ్గర ఉందన్నావు. ఫోను చేసి అది ఏ గిటారో, ఏ తీగ తెగిందో కనుక్కో. తీగ బిగించి లేచి నిలబడ్డాక మొదట ఏ స్వరం వాయించాడో కూడా అడుగు. సంక్రాంతికి ఇంటికి వచ్చేటప్పుడు తిరగరాసిన ప్రతి తీసుకురా, కూర్చుని చూద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి