బంకులో నీళ్ళ పెట్రోల్ పోశారు, తప్పు నా ఫిల్టర్‌దంటున్నారు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. బండి మీద ఫుడ్ డెలివరీ చేస్తాను. మూడేళ్ళ కిందట కొన్న ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. పన్నెండు రోజుల కిందట, వాన వెలిసిన రాత్రి, ఒక బంకులో యూపీఐలో 500 రూపాయలు కట్టి పెట్రోల్ పోయించాను. రెండు కిలోమీటర్లు పోయానో లేదో, బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. మెకానిక్ ట్యాంకులోది లీటరు కూల్‌డ్రింక్ సీసాలోకి పట్టాడు. తెల్లారేసరికి అడుగున పావు వంతు వేరుగా నిలబడింది. అదే బంకులో పోయించుకున్న మరో ఇద్దరి బళ్ళూ ఆ రాత్రే ఆగాయి, వాళ్ళ నంబర్లు నా దగ్గరున్నాయి. షోరూమ్‌లో ఫ్యూయల్ పంపు, ఫిల్టర్ మార్చి, ఇంజెక్టర్ శుభ్రం చేసి 7,800 తీసుకున్నారు. వారంటీ రాదన్నారు. అయిదు రోజులు పని పోయింది. బంకు మేనేజరేమో, 'నీ ఫిల్టర్‌లో చెత్త ఉంటే మా పెట్రోల్‌ని అంటావేం' అంటున్నాడు. బంకులో బిల్లు తీసుకోలేదు. సీసా మాత్రం వంటింటి అటక మీద జాగ్రత్తగా దాచాను. కేసు వేస్తే నిలుస్తుందా?

జవాబు: ముందు ఆ సీసాను వంటింట్లోంచి తీయండి. కేసు సంగతి తర్వాత, ఇల్లు కాలితే ఏ వినియోగదారుల కమిషనూ (కన్స్యూమర్ కోర్టూ) ఏమీ చేయలేదు. సొంత అవసరానికి లైసెన్సు లేకుండా 30 లీటర్ల వరకు పెట్రోల్ ఉంచుకోవచ్చని 1934 నాటి పెట్రోలియం చట్టంలో 8వ సెక్షన్ చెబుతుంది. కానీ ఎందులో ఉంచాలో కూడా అదే చెబుతుంది: గట్టిగా మూత బిగిసే గాజు సీసా అయితే లీటరు లోపు, లోహపు డబ్బా అయితే 25 లీటర్ల లోపు. ప్లాస్టిక్ సీసా అందులో లేదు. మీ మెకానిక్‌ను, బండి ఆగిన ఆ ఇద్దరిలో ఒకరిని పిలిచి, ఆరుబయట, వీడియో తీస్తూ లీటరు గాజు సీసాలోకి మార్చండి. మూత మీద గుడ్డ కట్టి, లక్క వేసి, తేదీ రాసి ముగ్గురూ సంతకాలు పెట్టండి. వంపేటప్పుడు అడుగున ఉన్నది కూడా చుక్క మిగలకుండా రావాలి. ఆ అడుగుదే మీ సాక్ష్యం.

సాక్ష్యమన్నాను గానీ, మీరనుకున్నంత బలమైనది కాదు. ఈ పన్నెండు రోజులూ అది మీ ఇంట్లోనే ఉంది. 'కుళాయి నీళ్ళు కలిపి తెచ్చాడు' అని అవతలి వకీలు ఒక్క మాట అంటే చాలు. నేను ఆ పక్షాన ఉంటే నేనూ మొదట అదే అంటాను. అందుకే ఇలాంటి కేసు సీసా ఒక్కదాని మీద నిలబడదు. చుట్టూ ఉన్న చిన్న చిన్న కాగితాల మీద నిలబడుతుంది. అవి మీ దగ్గర చాలానే ఉన్నాయి, మీరే లెక్కలోకి తీసుకోలేదు.

బిల్లు లేదని టెన్షన్ పడకండి. బ్యాంకు స్టేట్‌మెంటులో బంకు పేరు, తేదీ, మొత్తం ఉంటాయి. యూపీఐ మెసేజ్‌లో నిమిషంతో సహా ఉంటుంది. మెకానిక్‌కు మీరు ఫోన్ చేసిన టైము మీ కాల్ లిస్టులో ఉంటుంది. ఈ రెండు టైములు పక్కపక్కన పెడితే పెట్రోల్ పోసిన ఎంతసేపటికి బండి ఆగిందో వేరే చెప్పక్కర్లేదు. పైగా బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో, 2(47) సెక్షన్ కింద చేర్చింది. 'బిల్లేదీ' అని వాళ్ళే అడిగితే ఆ సెక్షన్ చూపించవచ్చు.

అన్నిటికన్నా బలమైనవాళ్ళు ఆ ఇద్దరు. ఒక బండి ఆగితే అది బండి జబ్బు. ఒకే రాత్రి, ఒకే బంకులో పోయించుకున్న మూడు బళ్ళు ఆగితే దాన్ని బండి జబ్బు అనడం కష్టం. వాళ్ళ చేత అఫిడవిట్లు రాయించండి, వాళ్ళ యూపీఐ రసీదులు, మెకానిక్ బిల్లులు జత చేయండి. వాళ్ళూ విడిగా ఫిర్యాదులు వేసుకుంటే ఇంకా మంచిది. మీ మెకానిక్ అఫిడవిట్ కూడా కావాలి. 'బండి రిపేరు చేశాను' అని పైపైన రాస్తే ఉపయోగం లేదు. ట్యాంకులోంచి ఏం వచ్చింది, ఎన్నింటికి వచ్చింది, ఎవరి ముందు పట్టాడు, ఇవన్నీ అందులో ఉండాలి.

ఇక మేనేజరు వాదన. ఫిల్టర్ పని ఏమిటి? తుప్పు పొడి, మట్టి రేణువులు ఇంజెక్టర్ దాకా పోకుండా ఆపడం. మీలాంటి ఇంజెక్షన్ బండ్లలో అది ట్యాంకు లోపలే, ఫ్యూయల్ పంపుతో కలిసి ఉంటుంది. పాత కార్బురేటర్ బండ్లలో అయితే నాబ్ కింద పైపు మధ్యలో బొటనవేలంత పారదర్శకమైన డబ్బీ కనిపిస్తుంది. ఏదైనా సరే, నీళ్ళను ఆపడానికి పెట్టింది కాదు. కొత్త ఫిల్టర్ ఉన్నా మీ బండి ఆ రాత్రి ఆగేదే. నీళ్ళు పెట్రోల్ కన్నా బరువు, ట్యాంకు అడుగుకు దిగుతాయి. పంపు పీల్చేదీ అడుగునుంచే. ఫిల్టర్ మూసుకుపోయిన బండి తీరు వేరు. ముందు పికప్ తగ్గుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు గుంజుతుంది, వారాల తరబడి సతాయిస్తుంది. నిన్నటిదాకా ఇరవై డెలివరీలు చేసిన బండి పెట్రోల్ పోయించిన పావుగంటకే ఆగిపోవడం ఫిల్టర్ లక్షణం కాదు. ఈ మాట మీరు చెబితే చెల్లదు, షోరూమ్ టెక్నీషియన్ కాగితం మీద చెప్పాలి.

అయితే మీ సర్వీసు పుస్తకం తీసి చూసుకోండి. ఫిల్టర్‌ను ఎన్ని కిలోమీటర్లకు చూడాలో, ఎప్పుడు మార్చాలో బండితో ఇచ్చే యజమాని పుస్తకంలో (ఓనర్స్ మాన్యువల్‌లో) కంపెనీ ముద్రించి ఇస్తుంది. ఆ ప్రకారం సర్వీసు చేయించినట్టు ముద్రలుంటే మేనేజరు మాట అక్కడితో ఆగిపోతుంది. లేకపోతే కేసు పోదు గానీ, ఫిల్టర్ ఖరీదు వరకు కమిషన్ కోత వేయవచ్చు. ఇంకో మాట, వాళ్ళు అడగకముందే నేనడుగుతున్నాను: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ మునిగింది కదా, మీ బండి మునిగిందా? మునిగి ఉంటే ఆ తర్వాత ట్యాంకు కడిగించిన బిల్లు వెతకండి. 'అప్పటి వరద నీళ్ళే ఇప్పటికీ అడుగున ఉన్నాయి' అని వాళ్ళు తప్పకుండా అంటారు. దాచి చివర్లో బయటపడే కన్నా ఫిర్యాదులోనే మనం చెప్పేస్తే మంచిది.

ఈమధ్య వినిపిస్తున్న కొత్త వాదన ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో అమ్మే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కు నీళ్ళంటే ప్రీతి. కొద్ది తడి ఉంటే కలుపుకొని ఊరుకుంటుంది, హద్దు దాటితే నీళ్ళతో కలిసి పెట్రోల్‌ను వదిలేసి కిందికి దిగిపోతుంది. మీ సీసాలో అడుగున పావు వంతు ఉందంటే అదంతా నీళ్ళని రాయకండి. నీళ్ళూ ఇథనాలూ కలిసినది అది. 'పావు లీటరు నీళ్ళు పోశారు' అని మీరు రాస్తే, ల్యాబ్ రిపోర్టు వచ్చాక ఆ ఒక్క తప్పు పట్టుకుని మొత్తం ఫిర్యాదునే అబద్ధమంటారు. 'వేరుపడిన పొర' అని రాస్తే సరిపోతుంది. బండిని వానలో వదిలేయడం వల్లే నీళ్ళు చేరాయంటే, ట్యాంకు మూత దగ్గర నీళ్ళు పోయే సన్నటి గొట్టం మూసుకుపోయిందో లేదో షోరూమ్‌లో చూపించి రాయించుకోండి. ఆ దారిన నీళ్ళు దిగడం నిజంగానే జరుగుతుంది, కాబట్టి ఆ తలుపు మనమే ముందు మూయాలి.

బంకు వాళ్ళు తప్పకుండా తీసే ఆయుధం ఒకటుంది: సీలు వేసిన శాంపిల్. ట్యాంకర్ వచ్చినప్పుడల్లా అందులోంచి కొంత తీసి సీలు వేసి దాస్తారు. దాన్ని ల్యాబ్‌కు పంపి, 'ఇదిగో, శుభ్రంగా ఉంది' అని రిపోర్టు పెడతారు. చూసి బెదరకండి. అది ట్యాంకర్‌లోని పెట్రోల్. మీకు పోసింది నాజిల్ లోంచి. ఆ రెంటి మధ్య భూమిలో పాతిన ట్యాంకు ఉంది, వాన పడిన రాత్రి నీళ్ళు దిగే చోటు అదే. కాబట్టి ఆ రోజూ మర్నాడూ రాసిన డెన్సిటీ రిజిస్టరు (పెట్రోల్ సాంద్రత రాసే పుస్తకం), ట్యాంకులో నీళ్ళున్నాయో లేదో కొలబద్దకు పేస్టు రాసి చూసిన లెక్క, స్టాకు పుస్తకం, సీసీ కెమెరా ఫుటేజీ తెప్పించమని కమిషన్‌ను అడగాలి. కెమెరా ఫుటేజీ ఎక్కువ రోజులు ఉంచరు. దాన్ని చెరపవద్దంటూ బంకుకు, ఆయిల్ కంపెనీకి రేపే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పంపాక కూడా చెరిపేస్తే, ఆ తప్పు వాళ్ళ ఖాతాలో పడుతుంది.

క్రిమినల్ కేసు పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. పెట్రోల్, డీజిల్ అక్రమాల మీద 2005లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ఉంది, నిత్యావసర సరుకుల చట్టం కింద శిక్షలూ ఉన్నాయి. కానీ అందులో కల్తీ అంటే అనధికారికంగా పరాయి పదార్థం కలపడం. వాన నీళ్ళు భూమిలోని ట్యాంకులోకి ఇంకడం నిర్లక్ష్యమే తప్ప, కిరోసిన్ కలిపిన దొంగతనం లాంటిది కాదు. మీకు కావలసింది డబ్బు. ఆ దారి కన్స్యూమర్ కోర్టుకే పోతుంది. తనిఖీ జరగాలంటే మాత్రం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, సివిల్ సప్లైస్ అధికారులకు, కంపెనీకి ఫిర్యాదు చేయండి. బంకులో ఫిర్యాదుల పుస్తకం ఉంటుంది, అందులో రాసి ఫొటో తీసుకోండి.

'డెలివరీ చేస్తావు, వ్యాపారానికి కొన్నావు, నువ్వు వినియోగదారుడివే కావు' అని కూడా అంటారు. అది చెల్లదు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నది వాణిజ్య అవసరం కిందికి రాదని చట్టమే వివరణ ఇచ్చింది. మీ బండి మీద మీరే తిరుగుతున్నారని రాయండి, చాలు.

విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో బంకు డీలరును, ఆయిల్ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. డీలరుతో తనకు సంబంధం లేదని కంపెనీ అంటుంది, అననివ్వండి. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. నోటీసు అందాక జవాబుకు వాళ్ళకు 30 రోజులు, కమిషన్ మరో 15 రోజులు ఇవ్వవచ్చు. ఆ తర్వాత పొడిగించే అధికారం లేదని 2020లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. 46వ రోజున వాయిదా అడిగితే అభ్యంతరం చెప్పండి. సీసాను ల్యాబ్‌కు పంపమని వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద అడగండి, దాని ఖర్చు ముందు మీరే కట్టాలి. పరీక్ష ఉన్న కేసు అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. వాస్తవంలో ఇంకా పడుతుంది. వీడియో పెట్టేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు కావలసిన భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయండి, తర్వాత వాదన ఉండదు.

ఎంత అడగాలి? పెట్రోల్ 500, రిపేరు 7,800, అయిదు రోజుల సంపాదన, కొంత మానసిక వేదనకు, కొంత ఖర్చులకు. సంపాదనకు అంతకు ముందు నెల యాప్ చెల్లింపుల స్టేట్‌మెంటు పెట్టండి, రోజుకు సగటు తీయండి. అయిదు లక్షలు అడగమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 7,800 బిల్లు మీద అయిదు లక్షలు అడిగిన ఫిర్యాదును చూసి కమిషన్ సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

షోరూమ్ మీద కేసు వద్దు. పాడైన పెట్రోల్ వల్ల వచ్చిన నష్టం వారంటీలోకి రాదని యజమాని పుస్తకంలోనే ఉంటుంది. పైగా వాళ్ళు మీకు సాక్షులు. వారంటీ ఎందుకు రాదో రాతపూర్వకంగా అడగండి. 'ట్యాంకులో నీటి పొర కనిపించింది కాబట్టి' అని రాసిస్తే, వారంటీ నిరాకరించిన ఆ కాగితమే బంకు మీద మీకు పనికొస్తుంది. షోరూమ్ జాబ్ కార్డు (రిపేరు వివరాలు రాసే కాగితం) మీద 'స్టార్టింగ్ ట్రబుల్' అని రెండు ముక్కలు రాసి వదిలేసి ఉంటే, తెరిచినప్పుడు ఏం చూశారో అదనంగా రాయించుకోండి.

మార్చిన పాత ఫ్యూయల్ పంపు, ఫిల్టర్ మీకు తిరిగి ఇచ్చారో లేదో మీరు రాయలేదు. పాత సామాను షోరూముల్లో ఒక మూల డ్రమ్ములో పడేసి, నిండగానే తుక్కు వాళ్ళకు ఇచ్చేస్తారు. ఈ జవాబు చదివిన రోజే వెళ్ళి అడగండి.