స్క్రోల్ సా కొన్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివితే నాకు అర్థమైంది ఇది: స్క్రోల్ సా, అదే సన్నని నిలువు బ్లేడు పైకీ కిందకీ ఆడుతూ చెక్కలో వంపులు కోసే మిషన్, వచ్చింది, ఉత్సాహం ఉంది, మొదటి వారానికే చిరాకు కూడా వచ్చేసింది. గీత మీద కోద్దామంటే పక్కకు పోతోంది, మలుపుల్లో చెక్క మాడుతోంది, బ్లేడ్లు టపటపా విరుగుతున్నాయి. "నా చేతికి నిలకడ లేదేమో" అని నీకు నువ్వే తీర్పు కూడా ఇచ్చేసుకున్నావు. చేతి సంగతి తర్వాత చూద్దాం గానీ, నువ్వు రాసిన మూడు కష్టాలూ బ్లేడు దగ్గర మొదలైనవే. అందుకని ఈ ఉత్తరమంతా దాదాపు బ్లేడు గురించే ఉంటుంది, విసుక్కోకు.

మిషన్ గురించి మాత్రం ముందే కాస్త చెప్పేస్తాను. నీది 16 అంగుళాలది అన్నావు, అంటే బ్లేడు నుంచి వెనక ఉన్న స్తంభం దాకా దూరం అది. ఇంట్లో సరదాకు చేసుకునే పనికి అది చాలు, ఇంకా పెద్దది కొనాల్సిందేమో అని బాధపడకు. చూడాల్సింది వేరే ఉంది. అది పిన్ను ఉన్న బ్లేడ్లు పట్టుకుంటుందా, పిన్ను లేనివా? పిన్ను బ్లేడుకు రెండు చివర్లా అడ్డంగా చిన్న కడ్డీ ఉంటుంది. తగిలించడం తేలికే, కానీ చెక్క మధ్యలో రంధ్రం వేసి, బ్లేడును అందులోంచి దూర్చి కోసే లోపలి కోతలకు ఆ కడ్డీ దూరేంత రంధ్రం వేయాలి కాబట్టి సన్నని జాలీ పనికి అది పనికిరాదు. పిన్ను లేనిదానికి ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం చాలు. నీ మిషన్‌తో బ్లేడు కొసలను పట్టే క్లాంపులు రెండు రకాలూ ఇచ్చి ఉంటే ఈ పూటే పిన్ను లేని వాటికి మారిపో. ఇంకోటి, మిషన్‌ను బల్లకు బోల్టులు వేసి బిగించు. ఊరికే బల్ల మీద పెట్టి నడిపితే ఆ అదురుకు గీత కళ్ల ముందే రెండుగా కనబడుతుంది.

ఇక బ్లేడ్లు. వీటికి నంబర్లుంటాయి, నంబరు పెరిగేకొద్దీ బ్లేడు వెడల్పూ మందమూ పెరుగుతాయి. కొత్తవాళ్లు ఏం చేస్తారంటే, డిజైన్ సన్నగా ఉంది కదా అని అన్నిటికంటే సన్నని బ్లేడు తీసుకుని దాన్ని 18 మిల్లీమీటర్ల గట్టి చెక్కలో దింపుతారు, అది విరగక ఏం చేస్తుంది? నన్నడిగితే నువ్వు చాలాకాలం రెండే నంబర్లతో పని నడుపు. 12 నుంచి 20 మిల్లీమీటర్ల మందానికి 5వ నంబరు, అది దాదాపు ఒక మిల్లీమీటరు వెడల్పు ఉంటుంది. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ లాంటి పల్చని వాటికి 3వ నంబరు. 2/0 అనే వెంట్రుకల్లాంటి బ్లేడ్లున్నాయి, 9, 12 నంబర్ల మొరటువి ఉన్నాయి, ఉండనీ. స్పైరల్ బ్లేడు చూడగానే మాత్రం నీకు ఆశ పుడుతుంది, చుట్టూ పళ్లే కాబట్టి చెక్క తిప్పకుండానే ఏ వైపుకైనా కోయొచ్చని. కోయొచ్చు, కానీ కోత వెడల్పు, అంచు గరుకు, దాన్ని గీత మీద నిలబెట్టడం మామూలు బ్లేడు కంటే కష్టం. మనుషుల ముఖాల బొమ్మల్లాంటివి కోసేవాళ్లకు అది ఉపయోగం, నీకు ఇప్పుడే వద్దు.

కొనేటప్పుడు రివర్స్ పళ్లున్న బ్లేడ్లు తీసుకో. మామూలు పళ్లన్నీ కిందకు చూస్తుంటాయి, వీటిలో అడుగున కొన్ని పళ్లు మాత్రం పైకి చూస్తాయి, వాటివల్ల చెక్క అడుగు వైపు పెచ్చులు లేవడం బాగా తగ్గుతుంది. బిగించాక మిషన్‌ను చేత్తో తిప్పి బ్లేడును పై కొసకు తీసుకురా, ఆ తిరగబడ్డ పళ్లు రెండో మూడో బల్ల పైన కనబడాలి. అసలు కనబడకపోతే వాటివల్ల లాభం లేదు, మరీ ఎక్కువ కనబడితే చెక్కను పైకి ఎత్తి కొడుతుంది. చెక్క గడగడలాడుతూ ఎగిరెగిరి పడుతుంటే మాత్రం సందేహమే అక్కర్లేదు, బ్లేడు తలకిందులుగా బిగించావు.

కొత్త బ్లేడుకు నూనె పూత ఉంటుంది, దానివల్ల క్లాంపులోంచి జారిపోతుంది. జారినప్పుడల్లా మరను ఇంకా ఇంకా బిగించి క్లాంపు పాడుచేసుకోకుండా, బ్లేడు రెండు కొసలనూ ఎమరీ కాగితంతో ఒకసారి రుద్దు, సరిపోతుంది.

టెన్షన్, అంటే బ్లేడు బిగువు, ఎంత ఉండాలని అడిగావు. బ్లేడు మధ్యలో వేలితో పక్కకు నెట్టి చూడు, మూడు మిల్లీమీటర్లకు మించి కదలకూడదు. గోటితో మీటితే తీగ మోగినట్టు ఖంగుమనాలి, డబ్ అని చచ్చుగా వినిపిస్తే ఇంకా బిగించు. కొత్తవాళ్ల బ్లేడ్లు ఎక్కువ బిగించినందుకంటే తక్కువ బిగించినందుకే ఎక్కువ విరుగుతాయి. వదులు బ్లేడు చెక్కలో వంకర తిరిగి అక్కడే చిక్కుకుంటుంది, అది అర్థంకాక మనం ఇంకాస్త తోస్తాం, టప్.

ఆ తర్వాత బల్లకు బ్లేడు నిట్టనిలువుగా ఉందో లేదో చూసుకోవాలి. మిషన్ మీద ఉండే డిగ్రీల గీతను నమ్మొద్దు, అది చాలా మిషన్లలో అలంకారానికే. మందపాటి వృథా ముక్క ఒకటి తీసుకో, ఎంత మందంగా ఉంటే అంత మంచిది. ముందు నుంచి రెండు మిల్లీమీటర్ల లోతు గాటు పెట్టి మిషన్ ఆపెయ్. ముక్కను బల్ల మీదే జరుపుతూ, తిప్పి బ్లేడు వెనక్కి తీసుకెళ్లి, ఆ గాటును బ్లేడు వీపుకు ఆనించి చూడు. పై నుంచి కింద దాకా గాటులో బ్లేడు సాఫీగా కూర్చుంటే నిలువుగా ఉన్నట్టు. పైన కూర్చుని కింద తప్పుకుంటే, ఎంత తప్పుకుందో అందులో సగం బల్ల వంపు. ఆ సగం మేరకు బల్లను సరిచేసి మళ్లీ గాటు పెట్టి చూడు. ఇంతా చేస్తే ఐదు నిమిషాల పని, కానీ ఇది చేయకపోతే పజిల్ ముక్కలు పైనుంచి దూరతాయి, కిందనుంచి దూరవు, ఎందుకో తెలియక తల పట్టుకుంటావు.

గీత పక్కకు పోవడం గురించి. చాలా బ్లేడ్లకు తయారీలోనే ఒక పక్క సన్నని గరుకు అంచు మిగిలిపోతుంది. ఆ పక్క కొంచెం ఎక్కువ కోస్తుంది కాబట్టి, చెక్కను సూటిగా తోస్తే కోత సూటిగా రాదు. ఇది నీ లోపమూ కాదు, మిషన్ లోపమూ కాదు. వృథా చెక్క మీద స్కేలుతో సరళ రేఖ గీసి కోసి చూడు, ఏ పక్కకు లాగుతోందో తెలుస్తుంది. అప్పుడు చెక్కను కొద్దిగా, మూడు నుంచి ఐదు డిగ్రీల దాకా ఏటవాలుగా తిప్పి పట్టుకుని తోయి, గీత మీదికి వస్తుంది. నువ్వు స్టూలు సూటిగా వేసుకుని, చెక్కను సూటిగా పట్టుకుని దానితో యుద్ధం చేస్తున్నావని నా అనుమానం. కావాలంటే స్టూలునే కాస్త పక్కకు జరుపుకుని కూర్చో, చాలామంది చేసే పనే అది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తోయకు. ఎంత తోయాలి అని అడుగుతావు, చెబుతాను: కోస్తున్నప్పుడు ఒక్క క్షణం పక్కనుంచి బ్లేడును చూడు, అది నడుము దగ్గర వెనక్కి వంగి విల్లులా కనబడితే నువ్వు ఎక్కువ తోస్తున్నావు. నిటారుగా ఉంటే సరైన ఒత్తిడి. చేతులు చెక్కను బల్లకు అదిమి పెట్టాలి, గీత వెంట తిప్పాలి, ముందుకు మాత్రం బ్లేడు తిన్నంతే పోవాలి. పక్కకు నెట్టడం ఇంకా చెడ్డది. గీత తప్పుతోందని పక్కకు అదిమితే పైన గీత మీదే ఉన్నట్టు కనబడుతుంది గానీ, లోపల బ్లేడు వంగి కోత గోడ పొట్ట వేస్తుంది. గీత తప్పితే తప్పనీ, మెల్లగా తిరిగి గీత మీదికి రా. చెక్క మీద అంటించిన డిజైన్ కాగితం తీసేశాక అక్కడ గీత ఉండేదని ఎవరికీ తెలియదు, హఠాత్తుగా సరిచేసిన గంటు మాత్రం అందరికీ కనబడుతుంది.

సరే, తోయకుండా ఉంటే కోత కదలడం లేదంటావా, అప్పుడు బ్లేడు మొద్దుబారింది. గట్టి చెక్కలో ఒక బ్లేడు పదును పావుగంట, అరగంట నిలిస్తే గొప్ప. బ్లేడు ఇంకా విరగలేదు కదా అని దాన్నే వాడటం పొదుపు అనిపిస్తుంది, అది చెక్కకు దండగ. బ్లేడ్లను డజన్ల లెక్కన కొనుక్కోవాలి, ఇసుక కాగితంలా ఖర్చయిపోయే వస్తువుగానే చూడాలి. మాడటానికీ సగం కారణం ఈ మొద్దు బ్లేడే. మిగతా సగం వేగం. చాలా మిషన్లు నిమిషానికి దాదాపు 400 నుంచి 1,600 సార్లకు పైదాకా ఆడతాయి, మేపుల్, చెర్రీ లాంటి చెక్కలు తొందరగా మాడతాయి కాబట్టి వాటికి వేగం తగ్గించు, కదలకుండా ఒకేచోట ఆగొద్దు. డిజైన్ కాగితం మీద వెడల్పాటి ప్యాకింగ్ టేపు అంటించి కోస్తే మాడటం బాగా తగ్గుతుంది, చేసి చూడు, నమ్మలేవు.

కాగితం అంటించే పద్ధతి: ముందు చెక్క మీద పెయింటర్లు వాడే నీలం టేపు, కాగితం వెనక స్ప్రే జిగురు, దాన్ని టేపు మీద అంటించు, పైన ప్యాకింగ్ టేపు. పని అయ్యాక మొత్తం ఒక్క లాగులో వస్తుంది, చెక్కకు జిగురు అంటదు.

కోణాల దగ్గర రెండు దారులున్నాయి. బయటి కోణమైతే కొస దాటి వృథా భాగంలోకి వెళ్లిపోయి, అక్కడ చిన్న చుట్టు తిరిగి రెండో గీత మీదికి రా, కొస సూదిలా వస్తుంది. లోపలి కోణమైతే కొస దాకా కోసి, వెనక్కి జరిగి, రెండో వైపు నుంచి వచ్చి కలుపు. ఉన్నచోటే గిర్రున తిప్పడం కూడా నేర్చుకో, అందుకు ముందుకు తోయడం ఆపేసి, చెక్కను వెంట్రుకవాసి వెనక్కి లాగి బ్లేడు వీపు కోతకు ఆనేలా ఉంచి తిప్పాలి, వీపుకు పళ్లు లేవు కాబట్టి అక్కడ ఏమీ తెగదు. లోపలి కోతలు ముందు, చిన్నవి ముందు, బయటి అంచు అన్నిటికంటే ఆఖరున. బయట ముందే కోసేస్తే పట్టుకోవడానికి ఏమీ మిగలదు, లోపల సన్నని కమ్ములు విరుగుతాయి.

చెక్క విషయానికొస్తే, జాలీ పనికి మంచి ప్లైవుడ్ వాడు. బాల్టిక్ బర్చ్ అనే రకం 6 మిల్లీమీటర్లదానిలో ఐదు పొరలుంటాయి, లోపల బొక్కలు తక్కువ. నాసిరకం ప్లైవుడ్‌లో పొరల మధ్య ఖాళీలుంటాయి, సరిగ్గా సన్నని చోటే అవి బయటపడతాయి, అదేం విచిత్రమో. నిజమైన చెక్క వాడితే సన్నని భాగాల పొడవునా నార వచ్చేలా డిజైన్ తిప్పి అంటించు, నార అడ్డంగా ఉంటే వేలు తగిలినా విరుగుతుంది. మొదట మాత్రం జాలీ జోలికి పోకుండా, మందపాటి చెక్కలో ఏనుగు బొమ్మ లాంటి ఐదారు ముక్కల పజిల్ చేయి. ముక్కలు రెండు వైపులకూ జారితే నీ బల్ల, నీ బ్లేడు, నీ చేయి మూడూ సరిగ్గా ఉన్నట్టే.

కళ్లద్దాలు పెట్టుకో. మాస్కు మామూలు గుడ్డది చాలదు, ఎన్95 లాంటిది కావాలి, ఈ మిషన్ పొట్టు మరీ మెత్తన, కంటికి కనబడకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బ్లేడు విరిగితే చెక్కను లాగకు, ముందు స్విచ్ ఆపు, ఎందుకంటే పైన మిగిలిన ముక్క ఇంకా పైకీ కిందకీ పొడుస్తూనే ఉంటుంది. పని అయిపోయాక టెన్షన్ వదిలెయ్.

అడుగున మిగిలే నూగును సన్నని ఇసుక కాగితంతో తేలిగ్గా తీసేసి, జాలీ ముక్కలను లిన్‌సీడ్ ఆయిల్, అదే అవిసె నూనెలో ముంచి తీయి, బ్రష్ దూరని సందుల్లోకి కూడా అది దూరుతుంది. మిగిలిన నూనెను గుడ్డతో తుడువు. ఆ గుడ్డను మాత్రం ఉండ చుట్టి మూల పడేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోయే దారి లేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. విప్పి, ఒంటి పొరగా బయట గాలికి ఆరేసి, పూర్తిగా ఆరి గట్టిపడ్డాకే పారేయి.

మీ పెదనాన్న