దెబ్బే తగల్లేదు, మరి ఇంత భయం ఎందుకు?

ప్రశ్న: నాలుగు నెలల కిందట మావారు ఎక్కిన ఆటోను లారీ గుద్దింది. ఆయన మోచెయ్యి గీరుకుపోయిందంతే. రెండు వారాలు మామూలుగానే ఉన్నారు. ఆ తర్వాత మొదలైంది. అన్నం తింటుండగా లారీ హారన్ వినబడితే ముద్ద చేతిలోనే ఆగిపోతుంది, ఒళ్లంతా చెమటలు. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తారు. ఆటో ఎక్కరు. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. "పక్కవాడికి కాలు విరిగింది, వీడికేమైందని ఈ నాటకాలు?" అంటున్నారు అత్తయ్య.

జవాబు: అమ్మా, ఆయన నటించడం లేదు. రెండు వారాలు బాగుండి ఆ తర్వాత మొదలైంది కాబట్టే మీ అత్తయ్యగారికి అనుమానం వచ్చినట్టుంది. కానీ భయం ఆలస్యంగా కూడా వేళ్లూనుకుంటుంది. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్‌ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో మెదడు శాస్త్రవేత్త సుమంత్ర ఛటర్జీ బృందం ఎలుకల్ని ఒకే ఒక్కసారి, 2 గంటలు కదలకుండా కట్టి ఉంచింది. మర్నాడు మెదడులో తేడా లేదు. 10 రోజులయ్యాక చూస్తే, భయాన్ని పట్టి ఉంచే అమిగ్డాలాలో కణాల మధ్య కొత్త కనెక్షన్లు మొలిచాయి. ఎలుకలూ బెదురుబెదురుగా తయారయ్యాయి. మనిషి ఎలుక కాదు, నిజమే. కానీ మీ ఇంట్లో జరిగింది నాకు దీన్నే గుర్తు చేసింది.

"రెస్ట్ తీసుకుంటే అదే పోతుంది" అని ఊరుకోకండి. రోజుల తరబడి ఒత్తిడి పెట్టిన ఎలుకల్లో, మెదడులోనే ఉండే హిప్పోక్యాంపస్ అనే భాగంలో కణాల కొమ్మలు కుంచించుకుపోయాయి, అమిగ్డాలాలో మాత్రం పెరిగాయి. 21 రోజుల విశ్రాంతితో మొదటిది కోలుకుంది, రెండోది కోలుకోలేదు. ఏది ఎక్కడ, ఎప్పుడు జరిగిందో గుర్తుపెట్టేది హిప్పోక్యాంపస్. అది తడబడితే ప్రతి హారనూ ఆ రోజు హారనే అవుతుంది.

ఆటో మానేస్తే ఆ పూటకు హాయిగానే ఉంటుంది. కానీ ఆటోలో క్షేమంగా ఇంటికి రావచ్చని మెదడు నేర్చుకునే అవకాశం పోతుంది. పాత భయం చెరిగిపోదు, దాని పక్కన కొత్త అనుభవం బలపడాలి. అలాగని బలవంతంగా ఎక్కించొద్దు. నెల దాటింది కాబట్టి సైకియాట్రిస్టుకు గానీ, క్లినికల్ సైకాలజిస్టుకు గానీ చూపించండి. ఆగి ఉన్న ఆటోలో కూర్చోవడం, వీధి చివరిదాకా వెళ్లి రావడం, ఇలా మెల్లగా వాళ్లే నడిపిస్తారు. ఈలోగా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. నిద్ర కోసం మద్యం అలవాటైతే డాక్టరు దగ్గర దాచకండి.

ఈ జవాబు అత్తయ్యగారికీ చదివి వినిపించండి. ఈసారి ముద్ద చేతిలో ఆగినప్పుడు "ఏమైంది?" అని అడగొద్దు. పక్కన కూర్చుని, "మనింట్లోనే ఉన్నాం, నేనిక్కడే ఉన్నాను" అనండి. ఆయన తినేదాకా లేవకండి.