18 వోల్టులు ఇవ్వొచ్చా?

ప్రశ్న: ఎల్ఎం386 చిప్‌తో గిటార్ ప్రాక్టీస్‌కి చిన్న ఆంప్లిఫయర్ కట్టుకున్నాను. 9 వోల్టుల బ్యాటరీ, పాత రేడియోలోంచి తీసిన 2 అంగుళాల స్పీకరు. 1, 8 పిన్నుల మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే గరగర పెరిగింది కానీ సౌండ్ పెరగలేదు. రూమ్‌మేట్ డోలక్ ఎత్తుకున్నాడంటే నా గిటార్ నాకే వినపడదు. 18 వోల్టులు ఇవ్వొచ్చా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఇవ్వకండి. నేనిచ్చి చూశాను. హాస్టల్ రోజుల్లో రెండు బ్యాటరీలు సిరీస్‌లో కలిపాను. పాట పల్లవి దాటకముందే చిప్ మీద వేలు పెట్టలేకపోయాను, ఆ తర్వాత కాలిన వాసన. చిప్ నంబరు చివర చూడండి. ఎన్-1, ఎన్-3 అయితే 12 వోల్టులు దాటకూడదు. 18 దాకా పనిచేసేది ఎన్-4 ఒక్కటే.

మీరు పెట్టిన కెపాసిటర్ గెయిన్‌ని, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు చేస్తుందనే లెక్కని, 20 నుంచి 200కి పెంచింది, పవర్‌ని కాదు. 9 వోల్టుల మీద 8 ఓమ్‌ల స్పీకరుకి ఆ చిప్ ఇచ్చేది ముప్పావు వాటు లోపే. కుండ నిండాక పోసినదంతా పొర్లిపోయినట్టు, ఆ పైదంతా గరగరే. పైగా ఆ చిన్న బ్యాటరీ గట్టిగా మీటినప్పుడల్లా డీలా పడుతుంది. మంచి 12 వోల్టుల అడాప్టర్ పెడితే కొంత నయం.

అసలు దొంగ మీ స్పీకరు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్‌లే. చెవికి సౌండ్ రెట్టింపైనట్టు అనిపించాలంటే వాట్లు దాదాపు పదింతలు కావాలి. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో రేడియో స్పీకరు 85 డెసిబెల్‌ల చుట్టుపక్కల పలుకుతుంది. గిటార్ కోసం చేసిన 10, 12 అంగుళాల స్పీకర్లు 95 నుంచి 100 దాకా పలుకుతాయి. చిప్ ముట్టుకోకుండానే పదింతల వాట్లు ఇచ్చినట్టన్నమాట! కొత్తది ఖరీదు కాబట్టి ముందు ఎవరిదైనా పాత గిటార్ ఆంప్‌ అడిగి, దాని స్పీకరుకే మీ వైర్లు తగిలించి వినండి. ఉత్త స్పీకరు అలా బల్లమీద పడేయకండి, పెట్టెలో బిగిస్తేనే మంద్రం వినపడుతుంది.

ఇంకో లోపం మీరు గమనించి ఉండరు. 386 ఇన్‌పుట్ నిరోధం 50 కిలో ఓమ్‌లే. గిటార్ పికప్‌ని (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) నేరుగా తగిలిస్తే అది సిగ్నల్‌ని లాగేస్తుంది, పై స్వరాల మెరుపు పోతుంది. ముందొక ఎఫ్ఈటీ బఫర్ పెట్టండి, అంటే పికప్ సిగ్నల్‌ని లాగేయకుండా చిప్‌కి అందించే ఒక రకం ట్రాన్సిస్టర్. రూబీ అనే పేరున్న సర్క్యూట్‌లో ఎంపీఎఫ్102 వాడతారు. అది దొరక్కపోతే మీ కాలేజీ ల్యాబ్‌లో కనిపించే బీఎఫ్‌డబ్ల్యూ10 కూడా సరిపోతుంది. దాని గేటు (సిగ్నల్ ఇచ్చే కాలు) నుంచి గ్రౌండ్‌కి 1 మెగా ఓమ్ రెసిస్టర్ చాలు.

రెండు 386లు బ్రిడ్జ్‌లో, అంటే స్పీకరు రెండు కొసలకీ చెరో చిప్ వచ్చేలా, కలపమని కొందరంటారు. లెక్కకి పవర్ నాలుగింతలవుతుంది, కానీ 8 ఓమ్‌ల స్పీకరు ఒక్కో చిప్‌కి 4 ఓమ్‌లలా తగులుతుంది. రెండూ సలసల కాగుతాయి. నాకు నచ్చదు.

ఇవన్నీ చేశాక కూడా డోలక్ గెలిస్తే 386ని వదిలేసి కారు రేడియోల కోసం చేసిన టీడీఏ2003కి మారండి. 14.4 వోల్టుల మీద 4 ఓమ్‌ల స్పీకరుకి 6 వాట్లు ఇస్తుంది, 12 మీద కాస్త తక్కువ. హైదరాబాద్ వచ్చే వాళ్లుంటే కోఠి గుజరాతీ గల్లీలో చూసి తెమ్మనండి. చిప్ వేడిని లాగేసే లోహపు ముక్క, హీట్‌సింక్ కూడా అప్పుడే తెప్పించుకోండి, అది బిగించాకే స్విచ్ వేయాలి.